రాసేది ఒక్కసారే ఉండాలి

అందరికీ నమస్కారం. ఆరోగ్య లెక్కలు అనగానే కంప్యూటర్లు, సర్వర్లు గుర్తొస్తాయి. నేను మాత్రం పల్లెలోని ఆరోగ్య సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం, అంటే ఊళ్లను చూసుకునే నర్సమ్మ, బల్ల దగ్గర మొదలుపెడతాను. తిరుపతి, చిత్తూరు జిల్లాల లెక్కంతా పుట్టేది అక్కడే.

ఆ బల్ల మీద గర్భిణుల రిజిస్టర్, టీకాల రిజిస్టర్, బీపీ షుగర్ రిజిస్టర్, పక్కనే ఒక ట్యాబ్. గర్భిణి పేరు, వయసు, ఫోన్ నంబర్ రిజిస్టర్‌లో రాసి, అవే మళ్లీ ఒక యాప్‌లో, ఇంకో యాప్‌లో కొట్టాలి. సిగ్నల్ అందని ఊళ్లో పగలు కాగితం మీద రాసుకుని, రాత్రి ఇంట్లో వంట ముగించాక ఎంట్రీకి కూర్చుంటారు. ఆ టెన్షన్‌లో ఒక అంకె తారుమారైతే ఆమెను తప్పుపట్టడం అన్యాయం.

మంచి మార్పులు కూడా వచ్చాయి. 2004లో మొదలైన జబ్బుల నిఘా పథకం ఐడీఎస్‌పీలో కాగితాలు వారానికోసారి పైకి వెళ్లేవి. 2021 ఏప్రిల్‌లో ఐహెచ్‌ఐపీ అనే కొత్త ఆన్‌లైన్ వేదిక వచ్చాక ఏఎన్‌ఎం చూసిన లక్షణాలు, డాక్టర్ అనుమానించిన జబ్బు, ల్యాబ్ తేల్చింది ఏ రోజువి ఆ రోజే ఎక్కించే వీలొచ్చింది. 18 జబ్బుల మీద ఉన్న నిఘా 33కి పెరిగింది.

కానీ మనది సరిహద్దు సీమ. చిత్తూరు వాళ్లు వేలూరుకు, సత్యవేడు వాళ్లు చెన్నైకి, కుప్పం వాళ్లు కోలారుకో బెంగళూరుకో వెళ్తారు. ఒకే వీధిలో ముగ్గురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. ఒకరు పీహెచ్‌సీకి వచ్చారు. ఒకరు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకున్నారు. మూడో మనిషి వేలూరులో చేరారు. మన లెక్కలో కేసు ఒక్కటే! ఆ వీధి నీళ్ల ట్యాంకు చూసి రావాలని ఎవరికి తడుతుంది?

అందుకే అడుగుతున్నాను. ఒకచోట రాసింది మరోచోట రాయించకండి. సిగ్నల్ లేకున్నా పనిచేసి, దొరికినప్పుడు దానంతటదే సింక్ అయ్యే యాప్ ఇవ్వండి. ఏఎన్‌ఎం పంపిన లెక్క పైకి పోయి ఊరుకోకూడదు. పోయిన నెల కంటే ఈ నెల ఏ ఊళ్లో జ్వరాలు పెరిగాయో ఆమెకు తెలుగులో తిరిగి రావాలి. ఇంకోమాట. ముప్పై గడపల పల్లెలో ఒక టీబీ కేసుందని బయటపెడితే, పేరు దాచినా మనిషి దాగరు. అంత చిన్న అంకెలను అందరికీ చూపించే పట్టికల్లో పెట్టకూడదు.

వీటికి డబ్బు కావాలి, సమయం పడుతుంది. చిత్తూరు, వేలూరు నిఘా అధికారులు వారానికోసారి ఫోన్‌లో కేసులు సరిచూసుకోవడానికి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. అక్టోబరు వానలు మొదలయ్యేలోగా ఆ ఒక్క పని మొదలుపెట్టమని ఇక్కడున్న అధికారులను కోరుతున్నాను.