తొప్పి వినపడే పెట్టె కొనండి

(ఒంగోలులో సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను సౌండ్ ఇంజనీరు అన్నారు. అంత పెద్ద మాట వద్దండీ, రేడియోలు, ఆంప్లిఫయర్లు రిపేరు చేసుకుంటూ బతికినవాణ్ణి. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలచుకోవాలి. తలచుకుంటే నాకిచ్చిన టైము అక్కడే అయిపోతుంది, మన్నించండి.

షేక్ చినమౌలానా గారి గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. కరవది మనకు కూతవేటు దూరం. 1924లో అక్కడ పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన నాదస్వరం గురించి చెప్పగలవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు, వాళ్లు చెబుతారు. నేను ఆయన వెనక మోగిన డోలు సంగతి, దాంతోపాటు మృదంగం తొప్పి సంగతి, అంటే ఎడమచేతి వైపు లోతుగా మోగే ముఖం సంగతి చెబుతా. ఎందుకంటారా? ఆ రికార్డింగులు వినడానికే మన సంఘం పైగదికి మ్యూజిక్ సిస్టం కొంటున్నారట. దానికో సబ్‌వూఫర్, అంటే లోతైన స్వరాలు (బాస్) పలికించే పెట్టె కూడా చూసొచ్చారట. ఏది చూశారో నిన్న తెలిసింది. అప్పట్నుంచీ నాకు టెన్షన్.

ఆ పెట్టె మీద పదివేల వాట్లని రాసుంది. పక్కనే చిన్న అక్షరాల్లో పీఎంపీఓ అని ఉంటుంది, అంటే క్షణకాలం లెక్క, అది చూడరు. పెట్టెను వెనక్కి తిప్పండి. కరెంటు వైరు దూరేచోట ఇంకో చీటీ ఉంటుంది. 230 వోల్టులు, 60 వాట్లు అని రాసుంటుంది. ప్లగ్గులోంచి 60 తాగే పెట్టె పదివేలు ఎక్కణ్ణుంచి కక్కుతుందయ్యా? ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల వాట్లు, ఎంతో అడగండి. నిజమైన 100, 150 వాట్లు మన గదికి ఎక్కువే.

కందుకూరులో ఒక లెక్కల మాస్టారున్నారు. కృతులు తప్ప ఇంకేమీ వినరు. ఆయనకూ ఎవరో ఇలాంటి పెట్టే అంటగట్టారు. వెళ్లి చూద్దును గదా, మృదంగం మీద ఏ దెబ్బ పడ్డా ‘దబ్’ అని ఒకటే మోత. కుడివైపు, వలంతల మీది పలుకులు స్పష్టంగానే ఉన్నాయి. ఎడమవైపు, తొప్పి మీద చెయ్యి జార్చినప్పుడు వచ్చే ఆ ‘గూమ్’ మాత్రం ఆ మోతలో కలిసిపోయింది.

కచేరీకి ముందు మృదంగం ఆయన ఏం చేస్తాడో చూశారు కదా? తడిపిన రవ్వ ముద్ద తొప్పి మధ్యలో అద్దుతాడు. కొట్టి వింటాడు. నాదం మొద్దుగా ఉంటే గోటితో కాస్త గిల్లి తీస్తాడు, లోతు చాలకపోతే ఇంకొంచెం అద్దుతాడు. చిటికెడు రవ్వ కోసం అంత తాపత్రయం! మనమేమో ఆ నాదాన్ని తెచ్చి, వినాయకుడి ఊరేగింపులో డీజే బాక్సులా మోగించుకుంటున్నాం. ఆ డీజేల సంగతి ఎత్తితే రాత్రవుతుంది, వద్దు.

బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. నా గొంతుకు బాస్ లేదు.

మాస్టారి సంగతికి వస్తాను. పెట్టె మూలన పెట్టారు, పడక్కుర్చీ ఎదుటి గోడకు ఆనించారు. గది 12 అడుగులు. ఆ కొలతకు 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 47 సార్లు కంపించే ఒక లోతైన స్వరం గోడల దగ్గర ఉబ్బిపోతుంది, గది నడిమధ్య చచ్చిపోతుంది. మూలన పెడితే ఆ ఉబ్బు ఇంకా ఎక్కువ. నేను పెట్టెను తీసి పడక్కుర్చీలో కూర్చోబెట్టి, తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే మోగే ఘట్టం పెట్టి, గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వింటున్నా. మాస్టారి భార్య కాఫీ తెచ్చి, “ఏం పడేసుకున్నావు నాయనా?” అంది. తొప్పిని వెతుకుతున్నానమ్మా అన్నాను. కిటికీ కింద దొరికింది. అక్కడ ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడింది. పెట్టెను అక్కడికి మార్చి, మాస్టారిని కుర్చీలో కూర్చోబెడితే ఆయన చెయ్యి దానంతటదే తాళం వేసింది. పెట్టె అదే నాసిరకం పెట్టె, చూడండి. చోటు మారితేనే సగం బాగుపడింది.

మన పైగది వెడల్పు కూడా 12 అడుగులే. కింద చీమకుర్తి రాయి పరిచారు. తివాచీ వేస్తే మోత తగ్గుతుందని ఎవరో అన్నారట. తివాచీ పై స్వరాలను మింగుతుంది. 47 హెర్ట్జ్ దానికి లొంగదు.

ఇక చిన్న పెట్టె సంగతి. పెట్టె చిన్నగా ఉండాలి, బాస్ లోతుగా దిగాలి, తక్కువ కరెంటుతో గట్టిగా మోగాలి. ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. దీన్ని హాఫ్‌మన్ సూత్రం అంటారు. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ పెట్టెను గాలి చొరకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. చిన్న పెట్టెలో మంచి బాస్ అప్పుడొచ్చింది, బదులుగా కరెంటు ఎక్కువ తాగింది. రంధ్రమున్న పెట్టె అదే కరెంటుతో ఇంకా గట్టిగా మోగుతుంది, కానీ ఒక హద్దు దాటాక బాస్ ఒక్కసారిగా పడిపోతుంది. చవక పెట్టెల్లో ఆ రంధ్రమే ‘దబ్’ మంటుంది. మృదంగం వినేవాళ్లకు నా ఓటు మూసిన పెట్టెకే.

ఎంత లోతు కావాలి? మగ గొంతు ఒకటో శ్రుతిలో పాడితే షడ్జం 130 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. తంబురా మంద్ర తంతి అందులో సగం, 65. అంటే 35, 40 దాకా శుభ్రంగా దిగే పెట్టె మనకు పుష్కలం. 20 దాకా దిగాలనేది సినిమాలో బాంబుల మోత వినాలనుకునేవాళ్ల గొడవ. 40 దగ్గర పలికినంత గట్టిగా 20 దగ్గర పలకాలంటే స్పీకరులో ముందుకూ వెనక్కీ ఊగే కోను నాలుగింతలు కదలాలి, ఆ ఖర్చు మనకెందుకు? 8 అంగుళాల కోను కంటే 10 అంగుళాలది వైశాల్యంలో ఒకటిన్నర రెట్లు, అది తీసుకోండి. కోను అంచు రబ్బరుదై ఉండాలి. ఫోము అంచు మన సముద్రపు గాలికి, ఉక్కకు పొడిపొడిగా రాలిపోతుంది. క్రాసోవర్, అంటే ఏ స్వరం దాకా ఈ పెట్టెకు పంపాలో తేల్చే మీట, 80 దగ్గర మొదలుపెట్టండి. 120 దాటిస్తే పాడేవాడి గొంతు కూడా నేల మీది పెట్టెలోంచి వస్తుంది. కోను కదలికను తిరగేసే ఫేజ్ స్విచ్చి అటూ ఇటూ వేసి, తొప్పి ఎటు నిండుగా ఉంటే అటే ఉంచండి. పైగదిలో ఎర్త్ సరిచేయించండి, లేకపోతే నాదస్వరం కంటే ముందు ‘హమ్’ అనే శబ్దం వింటారు.

కోశాధికారి గారూ, అడ్వాన్సు ఇచ్చేశారా? ఇవ్వలేదా? బతికించారు. ఆదివారం పైగది తాళం ఇప్పించండి. మీరు చూసిన పెట్టె తెప్పించండి, నేను ఒక మూసిన పెట్టె తెస్తాను. ఏది మోగుతోందో కనపడకుండా అడ్డంగా దుప్పటి కడదాం. మృదంగం తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు వస్తే చాలు, వాళ్లు ఏదంటే అదే కొనండి. రెండూ ఒకే మోతలో ఉండేట్టు నేను కుదురుస్తాను, గట్టిగా మోగేదే ఎవరి చెవికైనా బాగుందనిపిస్తుంది కాబట్టి. వాటి ధరలు మాత్రం పరీక్ష అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు.