కాగితం పట్టినంతే రంగు

అందరికీ నమస్కారం. పాస్టెల్ అనగానే మనలో చాలామందికి బడిలో వాడిన ఆయిల్ పాస్టెల్స్ గుర్తొస్తాయి. ఇవాళ నేను మాట్లాడేది వాటి గురించి కాదు, చేతికి పొడి అంటుకునే సాఫ్ట్ పాస్టెల్ గురించి. ఇందులో నూనె ఉండదు, జిగురు కూడా బహు తక్కువ. కాగితం గరుకులో ఇరుక్కుని నిలిచిన పొడే బొమ్మ. అందుకే స్టిల్ లైఫ్, అంటే ఎదురుగా సర్దిన వస్తువుల బొమ్మ, వేసేటప్పుడు బల్ల మీద వంకాయలు సర్దకముందే కాగితం తేల్చుకోమంటాను.

ఎక్కువమంది మొదలుపెట్టేది కాన్సన్ మి-టెంట్‌తో. చదరపు మీటరుకి 160 గ్రాములు తూగే కాగితం. ఒకవైపు తేనెపట్టు గళ్లు, రెండోవైపు సన్నటి గరుకు. తిప్పి చూడకుండా గళ్ల వైపే వేసేసి, బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వచ్చిందని దిగులుపడేవాళ్లు చాలామంది. గళ్లు చెడ్డవని కాదు. జామకాయ తోలుకీ, ముతక గుడ్డకీ అవి బాగుంటాయి. వంకాయ నిగనిగకి మాత్రం సన్నటి వైపే కావాలి. అక్కడ ఇంకో చిక్కు: కొన్ని పొరలకే గరుకు నిండిపోతుంది, ఆ తర్వాత పాస్టెల్ ముక్క జారుతుందే తప్ప రంగు అంటదు. కాబట్టి మొదట్లో చెయ్యి తేలిగ్గా ఉంచి, ముదురు రంగులు ముందు వేసి, మెరుపును చివర ఒక్క గీతకి దాచుకోవాలి. తెల్ల కాగితం వద్దు, బూడిద రంగుదో గోధుమ రంగుదో తీసుకోండి. నీడలో సగం పని ఆ కాగితమే చేసిపెడుతుంది.

పొరలు పొరలుగా వేసే అలవాటున్నవారికి యూఆర్ట్ లాంటి సాండెడ్ పేపర్, అంటే ఉప్పుకాగితంలా గరుకుగా ఉండేది, సుఖం. అంకె తగ్గేకొద్దీ గరుకెక్కువ, 240 ముతక, 800 నునుపు. మొదటి పొరను ఆల్కహాల్ తడిపిన బ్రష్‌తో పరిచేయొచ్చు. కానీ ఈ కాగితం పాస్టెల్ ముక్కల్ని తినేస్తుంది, వేలితో రుద్దితే వేలి చర్మాన్నీ వదలదు. పాస్టెల్‌మ్యాట్ అనే కాగితం చేతికి నున్నగానే తగులుతుంది, అయినా రంగును గట్టిగా పట్టేస్తుంది. ముదురు మీద లేత రంగు శుభ్రంగా కూర్చుంటుంది. ఇత్తడి చెంబు అంచుకి నా ఓటు దానికే. సెనెలియే కంపెనీ కాగితం లా కార్త్ కూడా అందమైనదే, కానీ నీటిచుక్క పడితే ఆ చోటు పాడైనట్టే. జలుబు చేసిన రోజు దాని జోలికి పోకండి!

జెనీవా చిత్రకారుడు లియోతార్‌కి తోలుతో చేసిన పార్చ్‌మెంట్ ఇష్టం. 1740ల్లో ఆయన వేసిన ‘చాక్లెట్ గర్ల్’ దాని మీదదే, ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది. అందరూ ఆ అమ్మాయిని చూస్తారు. నన్నడిగితే అసలు చూడాల్సింది పళ్లెంలోని నీళ్ల గాజు గ్లాసుని. గళ్ల కాగితం మీద ఆ నీళ్లు అంత తేటగా వచ్చేవి కావు.

పొడి రాలకుండా బొమ్మ మీద కొట్టే ఫిక్సేటివ్ సంగతి చాలామంది అడుగుతారు. అది లేత రంగుల్ని మసకబారుస్తుంది. నేను చివర్లో కొట్టను. అద్దం బొమ్మకి తగలకుండా మధ్యలో అట్ట మౌంటు పెట్టి ఫ్రేమ్ కట్టించండి, చాలు.

ఇక వేసి చూద్దాం. ముందు వరుసలో ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోండి. రాలిన పొడిని నోటితో ఊదొద్దు, బోర్డు వెనక నుంచి తట్టండి.