గుండిగలో మిగిలిన అన్నాన్ని మళ్లీ వేడి చేస్తే సరిపోతుందా?

నమస్కారం. బెంగళూరులో మనవాళ్ల పెళ్లిళ్లలో చివరి బంతి లేచాక తప్పకుండా వినిపించే ఒక మాట నాకు ప్రతిసారీ చిరాకు తెప్పిస్తుంది: "మిగిలింది ఏదైనా ఆశ్రమానికి పంపించేద్దామండీ, వాళ్లు వేడి చేసుకుని తింటారు." నగరంలోని కల్యాణ మంటపాలలో ఏటా 943 టన్నుల ఆహారం వృథా అవుతోందని బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2012లో అంచనా వేసింది కనుక, పంపాలన్న ఆలోచన మంచిదే. వేడి చేస్తే దోషం పోతుందన్న నమ్మకమే ప్రమాదకరం.

[తెరపై: మూత పెట్టిన అన్నం గుండిగ]

బియ్యంలో సహజంగానే ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం వేడి 60 డిగ్రీల కంటే తగ్గి, గంటల తరబడి అలాగే ఉండిపోతే అవి మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి; ఆ విషం మళ్లీ మరిగించినా నశించదు, వాసన చూసి కనిపెట్టడానికీ వీలుపడదు. గుండిగలో పైపొర చేతికి చల్లగా తగిలినా, నడిమధ్యన అన్నం సాయంత్రం దాకా గోరువెచ్చగానే ఉంటుంది. మూత పెడితే మరీను. పులిహోరకు అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోసే వంటవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు, కానీ మిగిలిన అన్నం దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతుందో నాకు అర్థం కాదు. పలుచగా ఆరబోసి వెంటనే 5 డిగ్రీల లోపు చల్లదనానికి చేర్చాలి. అంత పెద్ద ఫ్రిజ్ మంటపంలో ఉండదు కనుక, పొగలు కక్కుతుండగానే పంపడం ఒక్కటే మిగిలిన దారి.

అందుకే స్వచ్ఛంద సంస్థకు ఫోను చేయవలసింది రెండో బంతి కూర్చున్నప్పుడు. ఎంతమంది వచ్చారో, ఇంకా ఎంతమంది రావచ్చో అప్పటికి దాదాపు తేలిపోతుంది. వడ్డనకు ఒక గుండిగ ఖాళీ అయ్యేదాకా రెండోదాని మూత తీయవద్దని వంటమేస్త్రీకి ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే గరిటె పడని గుండిగే పంపడానికి పనికివస్తుంది.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా చెబుతాను. కొబ్బరి పచ్చడి, పెరుగన్నం పంపకండి. విస్తళ్లలో వదిలేసినది ఎరువుకే. ఆహార భద్రతా సంస్థ 2019లో తెచ్చిన నిబంధనల ప్రకారం పాత్రపై మిగులు ఆహారమనీ, అమ్మకానికి కాదనీ రాయాలి; దాని పక్కనే పొయ్యి మీదినుంచి దించిన సమయం కూడా రాయించండి.