పొయ్యి వెలిగించకముందే పొగ
(విశ్వకర్మ జయంతి నాడు వడ్రంగి, పాలిష్ పనివారి సభలో మాట్లాడినది)

అందరికీ నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురుగాని, ముందు నా మాట వినండి.

మిథనాల్ అనే విషపు స్పిరిట్ మన పనికి చుట్టమే. పూర్వం కట్టెను గాలి చొరకుండా మూసి కాల్చి, ఆ పొగను చల్లార్చి, దిగిన నీళ్ళలోంచి తీసేవారు. కట్టె సారాయి అన్న పేరు అలా వచ్చిందే. 1923లో జర్మనీలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిపి పెద్ద ఎత్తున చేయడం మొదలైంది. ఇప్పుడు సహజవాయువు, బొగ్గు నుంచి తీస్తున్నారు. మీరు రోజూ కోసే ప్లైవుడ్ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్ దీన్నుంచే వస్తుంది. కాబట్టి దాన్ని తిట్టడానికి రాలేదు నేను.

మా చిన్నాన్న కోసం వచ్చాను. పాలిష్‌లో ఆయన చెయ్యి పడితే టేకు తలుపులో మొహం కనిపించేది. ఒక రాత్రి పనిచోట, చీటీ లేని డబ్బాలో ఉన్న స్పిరిట్ నలుగురూ పంచుకుని తాగారు. తెల్లారి బాగానే లేచాడు. మధ్యాహ్నం పిన్నిని పిలిచి, "ఇల్లంతా ఈ పొగేంటే?" అన్నాడు. పిన్ని అప్పటికి పొయ్యే వెలిగించలేదు.

ఆస్పత్రిలో ఏం చెప్పామో తెలుసా? అన్నం పడలేదని! పరువు పోతుందని. డాక్టరు సెలైన్ ఎక్కించాడు. నిజం చెప్పేసరికి రెండో రోజైంది, చూపు పోయింది. ఆ అబద్ధం ఆడిన నోరు నాదే.

అక్కల్లారా, ఇది మీరు వినాలి. తాగిన వెంటనే ఏమీ తెలియదు. కాలేయం ఆ మిథనాల్‌ను ముందు ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది. అది కంటినరాన్ని తినేస్తుంది. అందుకు సగం రోజు, ఒక్కోసారి ఒక రోజు పైనే పడుతుంది. మనిషిని కాపాడుకునే సమయం అదే. ఫోమెపిజోల్ అనే మందుంది, డయాలసిస్ ఉంది. డాక్టరుకు తెలిస్తేనే అవి. రెండు టీ చెమ్చాలతోనే చూపు పోవచ్చు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి అరవై మందికి పైగా చనిపోయారు.

చూపు పోయాక కూడా చిన్నాన్న వేళ్ళతో తడిమి, "ఇక్కడ ఇంకో పూత వెయ్యరా" అనేవాడు. ప్రతిసారీ సరిగ్గానే చెప్పేవాడు.

పుర్రె బొమ్మ చీటీలు తెచ్చాను. ముందు వరసవాళ్ళు అందుకుని వెనక్కి పంపండి. ఇంటికెళ్ళాక కాదు, పనిచోటికెళ్ళి ఈరోజే డబ్బాలకు అంటించండి.