బొడ్డుతాడు కణాలు సేఫేనా? ఏ బ్యాచ్ గురించి అడుగుతున్నారు?

"పసిబిడ్డ బొడ్డుతాడు నుంచి తీసినవే కదా, సైడ్ ఎఫెక్టులు ఏముంటాయి?" ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. తాడు నుంచి తీసేవి కాసిని కణాలే. మనిషికి ఎక్కించేవి వాటి మునిమనవలు, ప్లాస్టిక్ ఫ్లాస్కులో పుట్టి పెరిగినవి. అడగాల్సింది ఆ పెంపకం సంగతి.

ముందు ఒక చిక్కు విప్పేద్దాం. బొడ్డుతాడు రక్తంలో ఉండేవి రక్తాన్ని తయారుచేసే మూలకణాలు. వాటితో మార్పిడి 1988 నుంచీ జరుగుతోంది, మామూలుగా ల్యాబులో పెంచకుండానే. ఇవాళ మాట్లాడేది వాటి గురించి కాదు. తాడులోని రెండు ధమనులు, ఒక సిర చుట్టూ ఉండే జిగురు పదార్థం, వార్టన్స్ జెల్లీ, అందులోని మెసెంకైమల్ కణాల (ఎముక, కొవ్వు, మృదులాస్థి కణాలుగా మారగల మూలకణాలు) గురించి. ఆ రక్తానికున్న మంచిపేరు చూపించి ఈ కణాలు అమ్మేస్తుంటారు.

[స్క్రీన్ మీద: నారుమడి, పక్కనే ఫ్లాస్కు]

వరి నారుమడి తలచుకోండి. విత్తనం దగ్గరే మొదటి జల్లెడ: తల్లి రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు. తర్వాత జెల్లీని ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలు చేసి 37 డిగ్రీల్లో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచితే, కణాలు బయటికి పాకి ప్లాస్టిక్‌కి అతుక్కుంటాయి. ఫ్లాస్కు 70–80 శాతం నిండగానే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ఊడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి పంచుతారు. నారు పీకి నాటడమన్నమాట. ఇలా నాటిన ప్రతిసారీ ఒక పాసేజ్.

ముదురు నారు నాటితే పిలకలు వేయదు. కణాలూ అంతే. పాసేజ్‌లు పెరిగేకొద్దీ బల్లపరుపుగా సాగిపోతాయి, విభజన మందగిస్తుంది, వాపును రెచ్చగొట్టే పదార్థాలు వదలడం మొదలెడతాయి. జన్యు మార్పులు పోగయ్యే అవకాశమూ పెరుగుతుంది. అందుకే చాలామంది మూడు నుంచి ఐదో పాసేజ్‌లోపు ఆపేస్తారు. ఆపకపోతే ఒకే తాడు నుంచి బోలెడు డోసులు, బోలెడు లాభం! బ్రోషర్లో "కోట్ల కణాలు" అని ఉంటుంది, ఎన్నో పాసేజో ఉండదు.

క్రోమోజోముల రిపోర్టు శుభ్రంగా ఉందంటారా? మామూలు క్రోమోజోముల పరీక్ష, క్యారియోటైప్‌లో చూసేది సుమారు 20 కణాలనే, అందులోనూ పెద్ద మార్పులే దొరుకుతాయి. అయితే టెరటోమా, అంటే రకరకాల కణజాలాలు కలగలిసిన గడ్డల భయం మాత్రం పిండ మూలకణాలకు, మామూలు కణాలను ల్యాబులో వెనక్కి మార్చి చేసే ఐపీఎస్ కణాలకు సంబంధించింది. దాన్ని వీటికి అంటగట్టకండి.

మడిలో కలుపు కంటికి కనిపిస్తుంది. ఫ్లాస్కులో బ్యాక్టీరియా పెరిగితే ద్రవం మసకబారుతుంది. మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియాతో ఆ ఆనవాలూ ఉండదు. దానికి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు, 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కూడా జారిపోగలదు. దాని జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చేయాలి, లేదా 28 రోజుల కల్చర్ పెట్టాలి. "యాంటీబయాటిక్ వేస్తున్నాం" అంటే నిశ్చింత కాదు: అది కలుపును పైపైన కోసినట్టే, వేరు అలాగే ఉండి పరీక్షకు దొరక్కుండా పోవచ్చు.

సూక్ష్మజీవులు లేవని తేల్చే సాధారణ స్టెరిలిటీ పరీక్షకు 14 రోజులు. తాజా కణాలు అన్నాళ్ళు ఆగలేవు. "ఫ్రెష్‌గా ఇస్తాం" అంటే, ఆ తుది రిపోర్టు రాకముందే ఇస్తామని. 2018లో అమెరికాలో బొడ్డుతాడు రక్తం నుంచి చేసిన ఉత్పత్తుల (మనం మాట్లాడే జెల్లీ కణాలు కావు, అయినా ప్రమాదం ఇలాంటిదే) ఇంజెక్షన్ల తర్వాత 12 మంది ఇన్ఫెక్షన్లతో ఆస్పత్రి పాలయ్యారు. మూత తీయని సీసాల్లోనూ బ్యాక్టీరియా దొరికింది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. కణాలను నిల్వకోసం చలికి గడ్డకట్టించాలంటే 10 శాతం డీఎంఎస్ఓ (మంచు స్ఫటికాలు కణాలను చీల్చకుండా కాపాడే రసాయనం), నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచడం, ఆపైన మైనస్ 150 కంటే దిగువన నిల్వ. కరిగించాక కనీసం 70 శాతం బతికుండాలి, చచ్చినవి ఉండలు కడతాయి. సిరలోకి ఎక్కిస్తే ముందు చాలావరకు ఊపిరితిత్తుల్లోనే ఇరుక్కుంటాయి, ఎందుకంటే అక్కడి కేశనాళికల కంటే కణాలే లావు. వాటి పైనుండే టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ రక్తం గడ్డకట్టేలా చేయగలదు, అందుకే మెల్లగా ఎక్కించాలి. "దాతకీ రోగికీ మ్యాచింగ్ అక్కర్లేదు" అన్నది సగం నిజం, యాంటీబాడీలు పుట్టొచ్చు.

2012 నాటి ఒక సమీక్షలో, రకరకాల మెసెంకైమల్ కణాలు తీసుకున్న 1012 మందిలో, స్పష్టంగా తేలిన దుష్ప్రభావం తాత్కాలిక జ్వరమే. అవి గట్టి పర్యవేక్షణలో జరిగిన క్లినికల్ ట్రయల్స్ అని, బయటి క్లినిక్ ఇంజెక్షన్లు కావని మర్చిపోకండి. ఇక అనుమతులు: 2025 జనవరిలో చైనా బొడ్డుతాడు మెసెంకైమల్ కణాల మందుకు అనుమతిచ్చింది, మూలకణాల మార్పిడి తర్వాత దాత కణాలు రోగి ఒంటిమీద దాడిచేసే జబ్బుకు. మోకాళ్ళకీ, షుగరుకీ, వయసు తగ్గించడానికీ కాదు.