కుడి పేజీ ముందు నింపండి

శ్రోతలందరికీ నమస్కారం. హన్మకొండలో చాలా ఏళ్లుగా కాలేజీ పిల్లల్ని డిబేట్ పోటీలకు తయారుచేస్తున్నాను.

ఒకసారి మాకు వచ్చిన అంశం ‘రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం విధించాలి’. పరకాల వైపు పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి చీటీ తీస్తే ‘ప్రతికూలం’ అని వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “నేను మాట్లాడను సార్. మా నాయిన సంగతి మీకెరుకే గదా” అన్నది. బెల్టుషాపు ఏం చేస్తుందో ఇంట్లోనే చూసిన పిల్ల.

నేను బలవంతపెట్టలేదు. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ అనుకూలానికి, కుడి పేజీ ప్రతికూలానికి పెట్టుకొమ్మన్నాను. మనసు ఒప్పుకోని పేజీనే ముందు నింపాలి. మా దగ్గర అదొక్కటే నియమం. ఎడమ పేజీలో అప్పటికే ఒక లైను రాసుకుంది: ‘తాగుడు కొంపలు కూలుస్తుంది.’

నిషేధం మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1995లో వచ్చింది, 1997లో సడలించారు. ఎందుకు సడలించారని అడిగితే మా టీంలో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ అమ్మాయి ఇంటికెళ్లి నాయనమ్మను అడిగింది. దుకాణాలు మూతపడ్డా గుడుంబా బట్టీలు ఆగలేదని ఆమె చెప్పింది. లైబ్రరీలో చదివితే ఖజానాకు పడ్డ గండి, పక్క రాష్ట్రాల నుంచి దొంగతనంగా వచ్చిన సరుకు సంగతి తెలిసింది. వారం తిరిగేసరికి ఆమెకు తన మాట దొరికింది: “తాగుడు మంచిదని నేను అనడం లేదు. నిషేధంతో అది ఆగుతుందా అని అడుగుతున్నాను.”

విధానాల మీద అంశం వచ్చినప్పుడు పట్టుకోవాల్సింది ఇదే. ఎవరు అమలు చేస్తారు, డబ్బు ఎక్కడిది, ఆ తర్వాత ఏమవుతుంది?

నైతిక అంశాల దారి వేరు. కారుణ్య మరణం సంగతే చూడండి. కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడానికి 2018లో సుప్రీంకోర్టు షరతులతో ఒప్పుకుంది. పిల్లలు ఈ తీర్పు పట్టుకొచ్చి పని అయిపోయిందనుకుంటారు. “2018కి ముందు అది తప్పా మరి?” అని అవతలివాళ్లు అడిగితే నోట మాట రాదు. చట్టం ఒప్పుకోవడం వేరు, న్యాయం కావడం వేరు. ప్రాణం విలువ, రోగి ఇష్టం రెండూ గొప్పవే. ఈ సందర్భంలో ఏది బరువైందో, ఎందుకో చెప్పగలగాలి.

మన పాత తర్కశాస్త్ర గ్రంథం, గౌతముని న్యాయసూత్రాలు, చర్చను మూడుగా చెప్పాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, మూడోది వితండం. తన పక్షమేదో నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను కొట్టేయడమే వితండం. స్టేజీ మీద దానికి చప్పట్లు పడతాయి. కానీ “మరి నీ మాటేంది?” అని జడ్జి అడిగినప్పుడు టెన్షన్ మొదలవుతుంది.

ఆ అమ్మాయి పోటీలో బాగా మాట్లాడింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నోట్‌బుక్ తీసి ఎడమ పేజీలోని పాత లైను కొట్టేసింది. కింద రెండు ప్రశ్నలు రాసింది. ‘గుడుంబా కాసేవాళ్లకు వేరే బతుకుదెరువు ఏది? తాగుడు మాన్పించే కేంద్రం మా మండలంలో ఉందా?’