ఓక్ దుంగల మీద నిలిచిన పల్లె ఇళ్ళు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండ్ పల్లెటూరు అనగానే క్యాలెండర్ల మీద ఒక ఇల్లు కనిపిస్తుంది. తెల్లటి గోడలు, వాటి మీద అడ్డంగా, నిలువుగా నల్లటి దుంగలు, పైన మందపాటి గడ్డి కప్పు. హెర్‌ఫర్డ్‌షైర్‌లో వెబ్లీ, పెంబ్రిడ్జ్ లాంటి ఊళ్ళకు ఈ నలుపు తెలుపు ఇళ్ళతోనే పేరు వచ్చింది. కానీ ఆ నలుపు చాలావరకు విక్టోరియా రాణి కాలం నాటి ఫ్యాషన్. అంతకుముందు ఓక్ కర్రకు ఏ రంగూ పూయకుండా వదిలేసేవారు. లేదంటే గోడతో పాటు దుంగల మీద కూడా సున్నం కొట్టేసేవారు. రంగు మాట పక్కన పెట్టి, ఆ కర్ర సంగతి చూద్దాం.

ఈ ఇళ్ళలో గోడలు బరువు మోయవు, మోసేదంతా చట్రమే. ఒక దుంగ కొసను నాలుకలా చెక్కి, రెండో దుంగలో తొలిచిన బెజ్జంలోకి దూర్చి, అడ్డంగా ఓక్ మేకు దిగ్గొడతారు. దుంగల మధ్య ఖాళీల్లో కర్రలు నిలబెట్టి, వాటి చుట్టూ సన్నటి కొమ్మలు అల్లి, బంకమట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తుతారు. తడికకు మట్టి మెత్తి గోడ చేయడం మన పల్లెల్లో చూసినవాళ్ళకు ఈ పని కొత్తేమీ కాదు.

ఓక్‌ను పచ్చిగా ఉండగానే వాడేవారు. ఎండితే అది ఇనుములా గట్టిపడుతుంది, ఉలి దిగదు. అందుకే చెట్టు కొట్టాక సాధారణంగా ఏడాది, రెండేళ్ళలోపే ఇల్లు కట్టేసేవారు. కర్ర ఇంట్లోనే ఎండుతూ కొద్దికొద్దిగా మెలి తిరిగేది. పాత ఇళ్ళు ఒక పక్కకు ఒరిగి కనిపించడానికి ఇదొక కారణం. ఆ దుంగలన్నీ పాత ఓడలు విప్పి తెచ్చినవని అక్కడి ఊళ్ళలో గర్వంగా చెప్పుకుంటారు. సముద్రానికి చాలా దూరంగా ఉన్న ఊళ్ళలోనూ ఇదే కథ! దుంగల్లో కనిపించే ఖాళీ బెజ్జాలు మామూలుగా అంతకుముందు కూల్చిన మరో ఇంటివి, లేదంటే అదే ఇంట్లో తర్వాత తీసేసిన దుంగలవి.

వడ్రంగి చట్రాన్ని ముందు తన ఆవరణలోనే నేల మీద పరిచి, కీళ్ళు సరిచూసుకుని, ప్రతి కీలు దగ్గరా రోమన్ అంకె లాంటి గుర్తు గీసేవాడు. తర్వాత విప్పి, బండి మీద తీసుకెళ్ళి, గుర్తుల ప్రకారం నిలబెట్టేవాడు. ఆ గీతలు ఇప్పటికీ చాలా ఇళ్ళలో కనిపిస్తాయి.

ఇంగ్లండ్ నడిమి భాగంలోనూ, పడమటి వైపూ క్రక్ అనే పద్ధతి ఉండేది. వంపు తిరిగిన చెట్టును నిలువునా రెండుగా చీల్చి, ఆ ముక్కలను ఎదురెదురుగా నిలబెడితే నేల నుంచి ఇంటి కొప్పు దాకా ఒకే కమాను తయారవుతుంది. షేక్‌స్పియర్ భార్య యాన్ హాతవే పుట్టిన షాటరీలోని ఇంట్లో, 1460ల నాటి పాత భాగంలో ఈ క్రక్‌లు ఉన్నాయి. దాన్ని కాటేజ్ అంటారుగానీ, అది ఓ మోతుబరి రైతు ఇల్లు.

మధ్యయుగపు సామాన్య రైతుల ఇళ్ళు నాసిరకం గుడిసెలని, ఒక తరంలోనే కూలిపోయేవని చరిత్రకారులు చాలాకాలం అనుకున్నారు. దుంగలోకి సన్నటి గొట్టం దింపి నమూనా తీసి, చెట్టు వలయాల వెడల్పు తీరును పోల్చి కాలం తేల్చే పద్ధతి వచ్చాక ఆ అభిప్రాయం మారిపోయింది. బెరడు దాకా వలయాలు మిగిలి ఉంటే చెట్టు ఏ సంవత్సరం కొట్టారో కూడా తెలుస్తుంది. సామాన్య రైతుల ఇళ్ళు ఎన్నో 15వ శతాబ్దం నుంచి నిలిచే ఉన్నాయని తేలింది. 1348లో వచ్చిన మహా ప్లేగు జనాన్ని మూడో వంతుకు పైగా తుడిచిపెట్టింది. బతికినవాళ్ళకు పొలాలు ఎక్కువ దక్కాయి, కూలి రేట్లు పెరిగాయి. ఆ దారుణం తర్వాతే రైతు చేతికి మంచి ఓక్ కొనే డబ్బు వచ్చింది.

అప్పటి ఇంటి లోపల ఎలా ఉండేదో కూడా ఊహించుకోవాలి. మధ్యలో కప్పు దాకా ఖాళీగా ఉన్న ఒకే గది, నేల నడుమ నిప్పు. పొగగొట్టం లేదు. పొగ పైకి లేచి, వాసాల్లో తిరిగి, దొరికిన సందులోంచి బయటపడేది. ఆ మసి ఇప్పటికీ అటకల మీద ఉంది. డెవన్‌లో కొన్ని ఇళ్ళ కప్పుల అడుగున మసి పట్టిన మధ్యయుగపు గడ్డి కూడా అలాగే మిగిలింది. అప్పటి రైతులు ఏ గోధుమ, ఏ రై పండించారో దాన్ని చూసి శాస్త్రవేత్తలు తెలుసుకున్నారు. నన్నడిగితే కోటల కన్నా ఈ గడ్డే గొప్ప.

1577లో విలియం హారిసన్ అనే ఎసెక్స్ చర్చి గురువు, తన ఊరి ముసలివాళ్ళు ఆశ్చర్యపోతున్న మార్పులను రాసిపెట్టాడు. వాటిలో మొదటిది, ఎక్కడ చూసినా లేస్తున్న పొగగొట్టాలు! పొగ దారి పట్టాక గది మధ్యలో చెక్క అంతస్తు వేసి, పైన పడకగదులు కట్టుకున్నారు. తర్వాతి కాలంలో ఇటుక ఫ్యాషన్ అయింది. స్తోమత ఉన్నవాళ్ళు ముందువైపు ఇటుక గోడ కట్టి కర్రను దాచేశారు. సఫక్‌లోని లావెన్‌హామ్‌లో ఉన్ని బట్టల వ్యాపారం దెబ్బతిని, ఇళ్ళు తిరగకట్టే శక్తి లేకపోయింది. వీధులకు వీధులు పాత చట్రాలతో అక్కడ మిగలడానికి ఆ పేదరికం చాలావరకు కారణం.

1896లో, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ కొన్న మొట్టమొదటి భవనం కూడా ఇలాంటిదే. ససెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్‌లో 14వ శతాబ్దపు గడ్డి కప్పు ఇల్లు, అప్పటికే శిథిలంగా ఉంది. ఖరీదు 10 పౌండ్లు. మరమ్మతు ఖర్చు అంతకు ఎన్నో రెట్లు.

మరమ్మతు అంటే ఇంకో మాట చెప్పాలి. 20వ శతాబ్దంలో చాలామంది మట్టి, సున్నం తీసేసి సిమెంటు పూయించారు. మట్టి గోడ తడిని పీల్చి మళ్ళీ గాలికి వదిలేస్తుంది. సిమెంటుకు ఆ గుణం లేదు. అది బీటలు వారాక లోపలికి దిగిన నీరు బయటికి రాలేక, వందల ఏళ్ళు చెక్కుచెదరని ఓక్ కొన్ని దశాబ్దాల్లోనే పుచ్చిపోయింది. ఇప్పుడు ఆ సిమెంటును జాగ్రత్తగా ఊడగొట్టించి, మళ్ళీ సున్నం పూయిస్తున్నారు. సిమెంటు పూతకైన ఖర్చు కన్నా దాన్ని వదిలించుకునే ఖర్చే ఎక్కువవుతోంది.

సెలవు. నమస్కారం.